కమాన్ గల్లీలో ఇరవై ఒక్క అడుగులు

చంద్రమ్మ మేడమీది గదిని కూలగొట్టడానికి వచ్చినవాళ్ళు చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చారు. అంత మర్యాదస్తులు. ఒకడైతే మెట్లెక్కబోతూ ఆగి, "అక్కా, జర తాగనీకి నీళ్ళియ్యవా" అని అడిగాడు. చంద్రమ్మ చెంబు నిండా ఇచ్చింది. ఇచ్చాక గానీ తనేం చేసిందో ఆమెకు తట్టలేదు. ఆ చెంబు కింద పెట్టిన చెయ్యే సమ్మెట ఎత్తింది.

గంట పట్టింది, అంతే. నాలుగేళ్ళ కింద ఆమె మొగుడు మొగిలి ఒక్కో ఇటుకా తన చేత్తో పేర్చి కట్టిన గది గంటలో ముక్కలై గల్లీలో పడింది. మొగిలిని మంచంతో సహా తెచ్చి అరుగు పక్కన పడుకోబెట్టారు. అతను చూస్తూ దగ్గాడు, దగ్గుతూ చూశాడు. ముప్పై ఏళ్ళు రాయి చెక్కి, సున్నం నూరి, సిమెంటు కలిపిన మనిషి. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని దవాఖానలో చెప్పారు. మందులు ఎన్ని మింగినా సరే, గాలి తగిలే చోట పడుకోబెట్టమన్నారు. కింది గదికి తలుపు తప్ప కిటికీ లేదు. మేడమీది గదికి పడమటి గోడలో పెద్ద కిటికీ ఉండేది. రెండేళ్ళుగా మొగిలి నిద్రపోయాడంటే ఆ కిటికీ పుణ్యమే. ఇప్పుడు దాని ఊచలు పీకి గల్లీలో వరసగా, నీటుగా పేర్చి పెట్టారు. మర్యాదస్తులు కదా.

"రంగు కూడా చూడండమ్మా," అన్నాడు సీతారామయ్య, చంకలో ఫైలుతో. కట్టడాల కమిటీ తరఫు ఇన్స్పెక్టరు. కాకినాడ మనిషి. రిటైర్మెంటుకి ఏడాది ఉంది. ఉద్యోగమంతా టేపు పట్టుకునే బతికినవాడు. "నీలం ఆయిల్ పెయింటు, రేకుల కప్పు, సిమెంటు ఇటుక. మూడూ నిబంధనకి విరుద్ధమేనండి. పైగా అనుమతి లేదు. నేను మాత్రం ఏం చెయ్యగలను చెప్పండి? మీ మీద నాకేమన్నా కోపమా?"

"కోపమన్న ఉంటే మంచిగుండు సారు," అంది చంద్రమ్మ. "ఇద్దరం తిట్టుకునేటోళ్ళం, సల్లబడేటోళ్ళం. కోపం లేకుండ ఇల్లు కూలగొట్టుడు యాడ నేర్చినవు?"

సీతారామయ్య ఫైలు తెరిచి, సంతకం పెట్టమని పెన్ను చాచాడు.

నానక్‌రామ్‌గూడలో ఆ సందుని కమాన్ గల్లీ అంటారు. మొదట్లో ఒక రాతి కమాను, ఎవరో జాగీర్దారు కట్టించింది. లోపల రెండు వరసల్లో పద్దెనిమిది పాత ఇళ్ళు, డంగు సున్నం గోడలు, చెక్క దర్వాజాలు. ఆరేళ్ళ కింద దాన్ని చారిత్రక ప్రాంతంగా ప్రకటించారు. పేపర్లో వేశారట. గల్లీలో ఒక్కడికీ తెలీదు. అప్పటినుంచి కమాను లోపల ఎవరేం కట్టినా పాతవాటితో పొందిక కుదరాలి. ఎత్తు, రంగు, కిటికీ కొలత, గోడ పూత, అన్నీ. కమాను దాటి బయట అడుగు పెట్టు, నలభై అంతస్తుల అద్దాల మేడలు. వాటికి ఏ పొందికా అక్కర్లేదు. ఆకాశాన్ని సగం మింగినవాడికి అనుమతి దొరికింది. పది అడుగుల గదిలో ఊపిరి తీసుకునేవాడికి నోటీసు దొరికింది.

ఇందులో ఇంకో సంగతి ఉంది, చంద్రమ్మ కడుపు మండే సంగతి. మొగిలి డంగు సున్నం మేస్త్రి. సున్నాన్ని నానబెట్టి, మాగబెట్టి, ఇసుకతో రాతి తొట్టిలో రుబ్బి, బెల్లం నీళ్ళూ కరక్కాయ కషాయమూ కలిపి పూశాడంటే, గోడకి మేకు దిగదు. జీవితమంతా పరుల గోడలకి ఆ సున్నం పూశాడు. తన గదికొచ్చేసరికి అంత కూలీ, అన్ని రోజులు ఎక్కడివి? సైట్లలో మిగిలిపోయిన సిమెంటు ఇటుకలు ఏరుకొచ్చాడు. ఎవడో సగం వాడి పారేసిన నీలం రంగు డబ్బా తెచ్చి పూశాడు.

ఎదుటి వరసలో కుర్చీ వేసుకుని హేమంత్ టీ తాగుతున్నాడు. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన రియల్ ఎస్టేటు మనిషి, ఉండేది నార్సింగిలో విల్లాలో. చంద్రమ్మ ఇంటికి సరిగ్గా ఎదురుగా మూడు పాత ఇళ్ళు కొని, పడగొట్టి, ఒకటి చేసి, పాతకాలం హవేలీలాగ కొత్తగా కట్టాడు. కింద హోటలు, పైన ఇంకో అంతస్తు. ఆఫీసు పిల్లలు పైన కూర్చుని కమాను చూస్తూ బిర్యానీ తినాలని అతని ప్లాను. ఆ పై అంతస్తు లేచిన రోజునే మొగిలి కిటికీకి గాలి సగం తగ్గింది. సగమన్నా వస్తోంది కదా అని చంద్రమ్మ ఊరుకుంది.

ఆ హవేలీ గోడల మీది సున్నం ఎవరిది? మొగిలిదే. "ఉస్తాద్, నువ్వు చెయ్యి పెట్టొద్దు, ఊరికే కుర్చీలో కూర్చొని చెప్పు చాలు" అని హేమంత్ బతిమాలాడు. మొగిలి దగ్గుకుంటూ కుర్చీలో కూర్చుని కూలీలకి రుబ్బడం నేర్పాడు. అంతకుముందు హేమంత్ తరఫు ఆర్కిటెక్టు, హరిత అనే అమ్మాయి, గల్లీ అంతా కొలుస్తూ వస్తే, టేపు కొస పట్టుకుని మేడెక్కినవాడూ మొగిలే. తన గది ముందు గోడ అంచు మీద టేపు పెట్టి పట్టుకున్నాడు. కింద నుంచి హరిత "ఇరవై ఒక్క అడుగులు" అని అరిస్తే, "మీద నాలుగు వేళ్ళ మందం ఇడిసిపెట్టినవ్ బిడ్డా" అని సరిదిద్దాడు. ఆ రోజంతా గర్వంగా తిరిగాడు, గల్లీలో తన గదే ఎత్తని.

ఇప్పుడు సంతకం పెట్టబోతూ చంద్రమ్మ ఫైల్లోకి చూసింది. పైన ఇంగ్లీషులో ఒక అర్జీ, దానికి గుచ్చిన ఫొటో. ఫొటోలో ఆమె నీలం గది, రేకుల కప్పు, దండెం మీద మొగిలి బనీను. ఆ ఫొటో ఏ ఎత్తు నుంచి, ఏ వైపు నుంచి తీశారో ఇంగ్లీషు రాకపోయినా తెలుస్తుంది. ఎదురింటి పై కిటికీలోంచి తప్ప అది ఇంకెక్కడి నుంచీ రాదు.

ఆమె గల్లీ దాటి హేమంత్ కుర్చీ ముందు నిలబడింది.

"అర్జీ నువ్వు పెట్టినవా సారు?"

హేమంత్ గ్లాసు దించలేదు. "ఏంమ్మా చంద్రమ్మా, నన్నంటావేంది? రూల్ అట్లుండాది. నా మేడమీద కూర్చొని తినేవాళ్ళకి ఎదురుగా నీలం రేకులు, బనీన్లు కనబడితే ఎట్లుంటాదో నువ్వే చెప్పు. చరిత్ర చూడ్డానికి వస్తారు జనం."

"మా ఆయనకు కింద దమ్మాడదు సారు. నీకు ఎరికే కదా. నీ కాడ్నే కూసోని దగ్గిండు."

"ఫ్యాను పంపిస్తాలేమ్మా."

పంపించాడు కూడా. సాయంత్రానికల్లా కొత్త టేబుల్ ఫ్యాను, అట్టపెట్టెలో, టేపు అంటించింది. చంద్రమ్మ ఆ పెట్టె విప్పలేదు. మంచం కిందికి తోసింది. "ఉండనియ్యి," అంది మొగిలితో. "దీన్ని తిరిగిచ్చే రోజొకటి ఉన్నది."

గది కూల్చిన రోజున నోటీసుతో పాటు ఆమె చేతిలో ఒక పుస్తకం పెట్టారు. నలభై పేజీలది, తెలుగులో. పాత గల్లీల్లో కొత్త కట్టడాలకు మార్గదర్శకాలు. నువ్వు ఏ తప్పు చేశావో నువ్వే చదువుకో అని ఇచ్చే పుస్తకం. ఎవరూ చదవరని ధీమా. చంద్రమ్మ ఏడో తరగతి దాకా చదివింది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో ఒక అద్దాల మేడలో, పద్నాలుగో అంతస్తులో హౌస్‌కీపింగు చేస్తుంది. ఆ పుస్తకాన్ని యూనిఫారం జేబులో పెట్టుకుని వెళ్ళి, అన్నం తినే అరగంటలో ప్యాంట్రీ కిటికీ దగ్గర కూర్చుని వేలు పెట్టి చదివింది. అక్కడి నుంచి చూస్తే కింద కమాన్ గల్లీ అగ్గిపెట్టెలు పేర్చినట్టు కనిపించేది.

"ఏందక్కా, పరీక్ష రాస్తున్నవా?" అని నవ్వింది తోటి పనిమనిషి భవాని.

"రాస్తున్న. ఒక్కటే ప్రశ్న."

"పాసైతే ఏమొస్తది?"

"నాకేం రాదు. ఒకనిది పోతది."

మొదట్లో గది మళ్ళీ కట్టుకునే దారి దొరుకుతుందేమోనని చదివింది. దొరకలేదు. ప్రతి పేజీలోనూ 'చారిత్రక స్వభావం' అని రాసి ఉంది. మనిషి ఊపిరి గురించి ఒక్క ముక్క లేదు. పదకొండో రోజు పదిహేడో పేజీకి వచ్చింది. కొత్త కట్టడం ఎత్తు, దాని ఎదుటి వరసలో నిలిచి ఉన్న ఇళ్ళలో అన్నిటికన్నా ఎత్తైనదాన్ని మించకూడదు. రెండుసార్లు చదివి, తనకి సంబంధం లేదని పేజీ తిప్పింది. ముప్పై ఒకటో పేజీలో ఆగింది. కట్టడం పూర్తయ్యాక, వాడకానికి అనుమతి ఇచ్చేముందు, ఎత్తుని మళ్ళీ కొలవాలి. కొలిచిన రోజున గల్లీ ఎలా ఉందో దానితోనే పోల్చాలి. ప్లాను ఆమోదించిన రోజుతో కాదు.

ఆమె కిటికీలోంచి కిందికి చూసింది. తమ వరసలో అన్నీ ఒంటి మిద్దెలు, పన్నెండు అడుగులవి. ఎదుటి వరసలో హేమంత్ మేడ ఒక్కటే మెడ చాచి నిలబడి ఉంది.

ఆ సాయంత్రం షేర్ ఆటో దిగి ఇంటికి పోలేదు. హేమంత్ సైటు ముందు నిలబడింది. అక్కడ రూలు ప్రకారం పెట్టిన బోర్డు ఒకటి ఉంది, రోజూ చూసేదే. గల్లీ మొత్తం గీసిన బొమ్మ, పైన కమిటీ ముద్ర. ఆ బొమ్మలో హేమంత్ మేడకి ఎదుటి వరస మధ్యలో ఆమె మేడమీది గది ఉంది. కిటికీ ఊచలతో సహా గీసింది హరిత. పక్కన బాణం గుర్తు వేసి ఇరవై ఒక్క అడుగులని రాసింది. ఆ బాణం కొస నుంచి చుక్కల గీత ఒకటి సాగి, హేమంత్ మేడ నెత్తిని తాకింది. ఆ గీత పుణ్యానే అతనికి పై అంతస్తు దక్కింది. మొగిలి టేపు పట్టుకుని ఇచ్చిన ఎత్తు అది. ఆ ఎత్తు ఎక్కి కూర్చుని, ఎక్కించినదాన్ని ఫొటో తీసి అర్జీ పెట్టాడు వాడు. ప్లాను పాసైపోయింది, ఇంక ఈ నీలం గదితో పనేముంది అనుకున్నాడు. ముప్పై ఒకటో పేజీ దాకా చదివే ఓపిక వాడికి లేకపోయింది. వాడి ఆర్కిటెక్టుని ఒక్క మాట అడిగినా చెప్పేది.

చంద్రమ్మ ఆ బోర్డుని ఫోనులో ఫొటో తీసుకుంది.

మర్నాడు సెలవు పెట్టి కమిటీ ఆఫీసుకి పోయింది. సీతారామయ్య టిఫిను డబ్బా మూత పెడుతున్నాడు.

"మళ్ళీ ఏమిటమ్మా? గది సంగతి అయితే నా చేతుల్లో లేదండి."

"గది కోసం రాలే సారు. ఎదురింటి ఎత్తు కొలువనీకి పిలువొచ్చిన."

"హేమంత్ గారిదా? అది అప్రూవైపోయింది కదండీ, నేనే ముద్ర వేశాను."

చంద్రమ్మ ఫోను అతని ముందు పెట్టింది. "ఏసినవు. గీ బొమ్మల మా గది ఉన్నప్పుడు ఏసినవు. అప్పుడది గల్లీకి అందం. మా నోటీసు మీద గూడ నీ ముద్రనే ఉన్నది. అప్పుడది గల్లీకి మచ్చ. ఒక్క గది సారు, ఒక్క ముద్ర. జర చూడు."

సీతారామయ్య మొహం ఎర్రబడింది. "అది వేరు, ఇది వేరండి. ఎత్తు వేరు, పూత వేరు..."

"సరే, వేరే. ముప్పై ఒకటో పేజీ తియ్యి."

అతను తియ్యలేదు. తియ్యక్కర్లేదు, అతనికి కంఠతా వచ్చు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. లంచం తినే మనిషి కాదు, అది ఒప్పుకోవాలి. రూలు తప్ప ఇంకేమీ తినడు. రూలు చెబితే మొగిలి ఊపిరినైనా తీస్తాడు, హేమంత్ మేడనైనా తీస్తాడు. చంద్రమ్మకి కావలసింది సరిగ్గా అలాంటివాడే.

"రాతపూర్వకంగా ఇవ్వాలండి," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

ఆమె సంచిలోంచి రెండు మడత కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది. "రెండు రాసిన. ఒకటి నీకు, ఒకటి నాకు. నా దాని మీద ముట్టిందని ముద్ర కొట్టు. నీకు అలవాటే కదా."

కొలిచే రోజు హేమంత్ హవేలీ ముందు పూలదండలు కడుతున్నారు. ఇంకో మూడు వారాల్లో ప్రారంభోత్సవం, దండలు కట్టి ఎలా ఉంటుందో చూసుకుంటున్నాడు. సీతారామయ్య టేపు తీశాడు. చంద్రమ్మ వాళ్ళ మిద్దె మీద కొస పట్టుకునే మనిషి కావాలన్నాడు.

"నేను పట్టుకుంట," అన్నాడు మొగిలి మంచంలోంచి.

"నీకు మెట్లెక్కితే దమ్మొస్తది," అంది చంద్రమ్మ.

"ఇరవై ఒకటి నేనే పట్టిన. పన్నెండు గూడ నేనే పట్టుకుంట. తప్పుకో."

నాలుగు మెట్లకోసారి కూర్చుంటూ ఎక్కాడు. గది పోయిన చోట బోడి కప్పు మీద మోకాళ్ళ మీద కూర్చుని, పిట్టగోడ అంచుకి టేపు ఆనించాడు. "పన్నెండు," అని అరిచాడు సీతారామయ్య కింద నుంచి. "ఒక ఏలు తక్కువనే ఉన్నది సారు," అన్నాడు మొగిలి. "మంచిగ రాస్కో. ఎదుటోనికి ఎక్కువ తక్కువ కావొద్దు."

హేమంత్ నవ్వుతూ వచ్చాడు, సంగతి అర్థమయ్యేసరికి నవ్వు అక్కడే ఆగిపోయింది. "సీతారామయ్యగారూ, ఏంది సార్ ఇది? పాసైన ప్లాను! నేను ఒక్క అంగుళం పెంచినానా?"

"మీరు పెంచలేదండి. మీ ఎదుటి వరస తగ్గింది. మీ అర్జీ మీదే తగ్గింది. నేనేం చెయ్యగలను చెప్పండి, మీ మీద నాకేమన్నా కోపమా?"

ఆ మాట విని చంద్రమ్మకి కడుపు నిండినట్టయింది.

పదిహేను రోజులు గడువిచ్చారు. పై అంతస్తు తీసెయ్యాలి, లేదా ఎదుటి వరసలో అంత ఎత్తు కట్టడం ఉందని, కనీసం ఇంటి ఓనరు సంతకంతో రాబోతోందని చూపించాలి. హేమంత్ రెండో రోజుకే ఇల్లిల్లూ తిరిగాడు, మీ మిద్దె మీద గోడ లేపుకోండి, నేనే కట్టిస్తానని. ఆ పాత మిద్దెలు మోయలేవని హరిత చెప్పింది. పైన బరువు మోసే ఇల్లు ఆ వరసలో ఒక్కటే. గది కట్టేముందు మొగిలి కింద పిల్లర్లు పోశాడు కనక.

మూడో రోజు హేమంత్ చంద్రమ్మ గుమ్మంలో నిలబడ్డాడు. చెప్పులు బయట విడిచాడు.

"అక్కా," అన్నాడు. ఇదివరకు అమ్మా అనేవాడు, ఇప్పుడు అక్క అయింది. "జరిగిందేదో జరిగిపోయింది. నీ గది నీకు కట్టిస్తా. డంగు సున్నంతో, చెక్క కిటికీలతో, అంతా రూలు ప్రకారం. పర్మిషను నేను తెస్తా. డ్రాయింగ్ కూడా తెచ్చినా. ఇంటి ఓనరుగా నువ్వొక్క సంతకం పెట్టు చాలు."

"పెట్టి పో. ఆలోచిస్త," అంది.

అతను పోయాక మొగిలి ఆమె కేసి చూశాడు. వారం నుంచి అతను పడుకోవడం లేదు, గోడకి ఆనుకుని కూర్చునే కునుకు తీస్తున్నాడు.

"పెట్టు చంద్రా," అన్నాడు. "ఆడు ఎసుంటోడైతే మనకేంది. నాకు గది గావాలె. నీ పగతోని నాకు దమ్మాడుతదా?"

ఆ మాట ఆమెకి చెంప మీద కొట్టినట్టు తగిలింది. అతను అన్నది నిజం. సంతకం పెడితే కిటికీ వస్తుంది, మొగిలి పడుకుంటాడు. హేమంత్ మేడ కూడా నిలబడుతుంది, దండలు కడతారు, బిర్యానీ తింటారు. పెట్టకపోతే మేడ కూలుతుంది. కానీ అప్పుడు ఆ గల్లీలో పన్నెండు అడుగులు దాటి ఎవరూ, ఎప్పటికీ కట్టలేరు. తను కూడా కట్టలేదు. పదిహేడో పేజీ ఆమెకి బాగానే తెలుసు. చాలాసేపు పొయ్యి ముందు కూర్చుంది. ఆఖరికి లేచి పెన్ను వెతికింది.

"ఆ కాయితం ఇటియ్యి," అన్నాడు మొగిలి. "ఎట్ల కడ్తడో చూస్త."

డ్రాయింగు చదవడం అతనికి అన్నం తినడంతో సమానం. ముందు వైపు బొమ్మ చూసి తలూపాడు. రెండు కిటికీలు, పైన పిట్టగోడ, సరిగ్గా ఇరవై ఒక్క అడుగులు. కాగితం తిప్పి పక్క వైపు బొమ్మ చూశాడు. వేలితో గీత వెంట పైకి పోయి, కిందికి వచ్చి, మళ్ళీ పైకి పోయాడు.

"గది ఏది?" అన్నాడు.

"ఏంది?"

"గోడ ఉన్నది. గోడ ఎనక ఏం లేదు. పక్క గోడల్లేవు, కప్పు లేదు. ఒక్క గోడ, పడకుండ ఎనక రెండు ఇనుప కడ్డీలు. కిటికీలు గూడ కిటికీలు గావు. గోడ మీద చెక్క బిగిస్తరు, తెరుసుకోవు." ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటూ చెప్పాడు. "గల్లీలకెళ్ళి చూస్తే గది లెక్క కొడ్తది. నాతోని గోడకు సున్నం రుద్దిచ్చిండు గద, ఇప్పుడు నా నెత్తి మీద ఉత్త గోడ పెడ్తడట."

రూలు గల్లీలోంచి కనిపించేదాన్నే చూస్తుంది. వెనక మనిషి పడుకోవడానికి చోటుందా లేదా రూలుకి అక్కర్లేదు. గదిలో మనిషుంటే మళ్ళీ బనీన్లు కనబడతాయని, హేమంత్ ఈసారి పుస్తకం జాగ్రత్తగా చదివించాడు.

మొగిలి కాగితం మడిచి ఆమెకి ఇచ్చాడు.

"పెట్టకు," అన్నాడు. "కాని ఇప్పుడే చెప్పకు. జర తిరుగనియ్యి."

తిరిగాడు. అయిదో రోజు హేమంత్ వస్తే, కిటికీలు టేకు చెక్కవి కావాలి, ఇరవయ్యో పేజీ చూడమంది చంద్రమ్మ. డ్రాయింగు మార్పించాడు. ఎనిమిదో రోజు, గల్లీలో మురుగు మోరీల మీద రాతి పలకలు ఉండాలని ఉంది కదా, నీ సామాన్ల ఆటోలు తిరిగి పగిలినవి ముందు వేయించమంది. వేయించాడు. గల్లీలో ఉన్న ఇళ్ళన్నిటి ముందూ వేయించాడు. పదకొండో రోజు, హవేలీ నెత్తిన మెరిసే లైట్ల బోర్డు ఇరవై ఆరో పేజీకి విరుద్ధం అంది. దించేశాడు. ప్రతిసారీ "ఇంక సంతకం పెడతావా అక్కా" అన్నాడు, ప్రతిసారీ "ఆలోచిస్తున్న సారు" అంది. గల్లీ ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని నవ్వుకునేవారు. "ఇయ్యాల ఏ పేజీ చంద్రమ్మా?" అని అడిగేవారు.

పద్నాలుగో రోజు అతను అతిథులకి కార్డులు పంచాడు. ఆమెకీ ఒకటి ఇచ్చాడు. పదిహేనో రోజు పొద్దున్నే సీతారామయ్యని వెంటబెట్టుకుని వచ్చాడు.

"పెట్టక్కా."

"పెట్ట."

"అదేంది? అన్నీ చేసినా కదా! నువ్వేమడిగితే అది చేసినా!"

"ఆలోచిస్త అన్న. ఆలోచించిన." డ్రాయింగు మడత విప్పి, పక్క వైపు బొమ్మ పైకి ఉండేలా అతని చేతిలో పెట్టింది. "గీ గోడ నీ నార్సింగి ఇంటి ముంగట కట్టుకో. ఎనక నువ్వు పండుకో."

హేమంత్ నోటికొచ్చినట్టు తిట్టాడు. సీమ తిట్లు, వాటిలో సగం ఆమె ఎప్పుడూ విననివి. సీతారామయ్య పక్కన నిలబడి ఫైల్లో ఏదో రాసుకున్నాడు. తిట్లు అయ్యాక, "గడువు ఈ సాయంత్రం అయిదింటికి ముగుస్తుందండి" అన్నాడు.

వాళ్ళ గది గంటలో పోయింది. హేమంత్ పై అంతస్తు పోవడానికి తొమ్మిది రోజులు పట్టింది. కమాను కింద నుంచి జేసీబీ పట్టదు. సమ్మెట దెబ్బకి మొగిలి సున్నం పెచ్చు కూడా రాలలేదు. ఉలి పెట్టి చెక్కాల్సి వచ్చింది, అంగుళం అంగుళం. మొగిలి అరుగు మీద కూర్చుని రోజంతా చూశాడు. "అట్ల గాదు బిడ్డా, సందుల కెళ్ళి కొట్టు" అని పనివాళ్ళకి సలహాలిచ్చాడు. అది తన పనితనం, అది పగలకపోవడం చూసి మురిశాడు, పగలడం చూసి ఇంకా మురిశాడు. రెండూ ఒకే మొహంలో ఎలా పట్టాయో ఏమో. చంద్రమ్మ పనికి పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి ఆగి చూసేది. మధ్యాహ్నం పద్నాలుగో అంతస్తు నుంచి చూసేది. రోజురోజుకీ ఆ మెడ పొట్టిదవుతుంటే అన్నం సయించింది. పనివాళ్ళు మంచినీళ్ళడిగితే మాత్రం ఇవ్వలేదు.

తొమ్మిదో రోజు సాయంత్రం హేమంత్ వచ్చి, మిగిలిన కింది భాగం ముందు కుర్చీలో కూలబడ్డాడు. చంద్రమ్మ మంచం కిందినుంచి అట్టపెట్టె లాగింది. టేపు కూడా విప్పని పెట్టె. గల్లీ దాటి తీసుకుపోయి అతని కాళ్ళ దగ్గర పెట్టింది.

"ఉక్కపోస్తది సారు," అంది. "పెట్టుకో."



వెనక్కి వచ్చి, మొగిలిని మెల్లగా మేడెక్కించింది. మంచం కూడా ఎక్కించింది, ముక్కాలి పీట కూడా. మంచానికి ఎత్తు లెక్క లేదు, పూత అక్కర్లేదు, అనుమతి అక్కర్లేదు, పుస్తకమంతా వెతికి చూసుకుంది. ఎదురుగా ఆ పై అంతస్తు లేదు. పడమటి గాలి మిద్దెల మీదుగా, అడ్డం లేకుండా, సగం కాదు, మొత్తంగా వచ్చి మంచాన్ని తాకింది. మొగిలి పడుకున్నాడు. కాసేపటికి దగ్గు తెరిపినిచ్చింది. నోరు మూసి, ముక్కుతో ఊపిరి తీస్తున్నాడు. గది పోయాక అతన్ని అలా చూడలేదు ఆమె.

పైన కప్పు లేదు. రేకు పరచకూడదు, టార్పాలిన్ కట్టకూడదు, పంతొమ్మిదో పేజీ. ఎండాకాలం పగలంతా అతను మళ్ళీ ఆ కిటికీ లేని గదిలోనే దగ్గాలి. ఈ లెక్క ఆమె సంతకం పెట్టనన్న రోజే వేసుకుంది. మళ్ళీ అడిగినా అదే చెబుతుంది.

నార్సింగి వైపు మబ్బు పట్టింది. చంద్రమ్మ దాన్ని చూస్తూ మంచం తలాపున కూర్చుంది, చినుకు పడితే పరుపు చుట్టడానికి ఒక చెయ్యి అంచు మీద పెట్టుకుని.